ఏడు తట్టల వరుస

దుక్మ్ సర్కారు దవాఖాన, పదకొండో నంబరు మంచం.
మేకు దిగిన అరికాలు
సొరకాయంత వాచింది.
కిటికీ అవతల రేవు క్రేన్లు
కొంగల లెక్క ఒంటికాలి మీద నిలబడ్డయి.

రక్తం తీసుకపోయే ల్యాబు పిల్ల తస్లీమా.
రెండు మాటలు వినంగనే పట్టేసింది:
"ఆర్మూరా అన్నా?"
"గా పక్కనే, పెర్కిట్. నా పేరు లింబాద్రి."
"మాది బోధన్" అని కుర్చీ గుంజుకున్నది.

సీసాలకెల్లి చుక్క, చుక్క.
ఏం మందమ్మా అంటే వాంకోమైసిన్ అన్నది,
నాకు నాలుక తిరగలే.
"ఏ కంపినీ చేస్తది?"
"కంపినీ సీసాల పోస్తదంతే.
చేసేది మట్టిలుండే పురుగు, కంటికి ఆనదు."
పురుగు చేసే మందా!
మా దిక్కు నాకెర్కైంది పురుగుమందొక్కటే.

"స్లాబు పోసేటప్పుడు తట్టలెట్ల అందిస్తరన్నా?"
ఎట్లేంది, మిల్లరు కాడికెల్లి గోవ మీదిదాంక
ఒకని చేతులకెల్లి ఒకని చేతులకు.
పడొద్దు, ఆగొద్దు.
"గట్లనే దాని కడుపుల ఎంజైముల వరుస.
ఏడు అడ్డాలు.
ఒక్కో అడ్డ మీదోడు తన రాయి తనే ఏరుకుంటడు,
వచ్చినదానికి అతికిస్తడు,
పొడుగు చెయ్యి సాపి పక్కోనికి ఇస్తడు.
మేస్త్రి లేడు. నక్ష లేదు.
నిలబడ్డ వరుసే నక్ష."

మూడోడు రెండోని తావుల నిలబడితే?
"అది ఈ మందు గాదు. ఇంకోటైతది."

ఏడో రాయి ఇంక చేతిల ఉండంగనే
కడ్డీలు కట్టేటోళ్ల లెక్క ముగ్గురొస్తరట,
మెత్తగ వేలాడే దండను అడ్డం అడ్డం బిగిస్తరట.
అది వంగి గిన్నె లెక్కయితదట.
అప్పుడొకడు కోసి కింద పెడ్తె
ఇంకిద్దరు రెండు చక్కెర పలుకులు అద్దుతరట.

"ఇగ నీ కాలుల సంగతి.
చెడ్డ పురుగు దినాం గోడ కట్టుకుంటది.
ఈ గిన్నె పోయి కొత్త ఇటుక కొస పట్టుకుంటది, ఇడువది.
గోడ లేవదు.
లోపలి నీళ్ల బలుపుకు అదే పలుగుతది."

పందొమ్మిదేండ్లాయె నేను గోడలు కట్టవట్టి.
నా అరికాలుల ఎవడో నా పనోడే
తాపీ చేతిల ఉండంగనే సచ్చిపోతున్నట్టు
ఒక్క గడియ పాపమనిపించింది.

"మరి మందు చేసేదానికి గోడ ఉండదా?"
"ఉంటది. ముందుగాలనే తన ఇటుక కొస మార్చుకుంటది.
చెడ్డయి కూడ కొన్ని ఆ ఉపాయం నేర్సినయన్నా.
నీ కాలులది నేర్సిందో లేదో
పళ్లెంల పెంచి చూడాలె."

లేచిపోతూ అన్నది:
"తిండి తక్కువైనప్పుడే చేస్తది ఈ పని.
కడుపు నిండుగుంటే అంత చెయ్యదు."
పుస్తకంల ఉన్న మాటేనా,
నా మొఖం చూసి అప్పుడే కల్పించిందా,
అడుగలే.

రాత్రంత చుక్కలు లెక్కవెట్టిన.
మా వరుస యాదికొచ్చింది:
సిల్హెట్ రెజావుల్, నేపాల్ తిలక్,
వాని పక్కకు మెట్‌పల్లి పోశెట్టి.
పోశెట్టి ఎండకు కూలిన దినం వరుసల సందు వడ్డది.
అటొకడు ఇటొకడు జరిగినం,
చేతులు పొడుగు చేసినం.
స్లాబైతె పడ్డది.
అదే స్లాబు పడ్డదో, ఇంకోటైందో
ఎవ్వలు చూడలే.

మూడోనాడు తస్లీమా గాజు పళ్లెం తెచ్చింది,
కిటికీ వెలుతురుకు పట్టింది.
పళ్లెం నిండ మబ్బు లెక్క పురుగులు.
నడుమ కాయితం పట్టీ,
దాని చుట్టు కోడిగుడ్డు తీరుగ
ఏం మొలవని జాగ.
"నేర్వలే అన్నా. సూడు,
ఇక్కడ ఒక్క గోడ లేవలే."

నేను చూసిన.
మేం దిగిననాటి దుక్మ్ కనవడ్డది:
బట్టతల భూమి, ఒక్క గాలి,
దూరంగ సముద్రం.